గీటురాయి మీద గీసిన ర్యాము

నిన్న మా అమ్మాయి తన కంప్యూటరు పక్క రేకు ఊడదీసి, కొరియర్లో వచ్చిన జానెడు ఆకుపచ్చ ర్యాము ముక్కను లోపల పెట్టి నొక్కింది. 'టక్'మంది. ఆ పిల్లకు అదొక చిన్న చప్పుడు. నాకు మాత్రం ధర్మవరంలో మా పాత ఇంటి మగ్గాల గది తలుపు తెరుచుకున్నట్టయింది. ముందు కాలిన దుమ్ము వాసన వచ్చింది. దాని వెనకే పట్టు పోగుల గంజి వాసన, ఆ వెనకే అమ్మ పితికిపప్పుకు పెట్టిన తిరగమాత వాసన వచ్చి, పిలవని చుట్టాల్లా నా ముక్కులో కూర్చున్నాయి.

"ఇంక గేము ఎగిరిపోతుంది చూడు నాన్నా" అంది అమ్మాయి.

ఎగరడం గురించి నాకు చెబుతోంది.

మా ఇంటికి కంప్యూటరు ఆటలకని రాలేదు. నాయన పట్టుచీరలు నేసేవాడు. చీర అంచుకు, కొంగుకు కావలసిన బొమ్మలను అప్పట్లో గడుల కాగితం మీద ఒక్కో చుక్కా పెట్టి గీసేవాళ్ళు. ఆ గీసే పెద్దాయన ఒక అన్నపక్షిని మొదలుపెడితే, దానికి తోక వచ్చేలోపు ఆయన కళ్ళజోడు అద్దాలు ఒకసారి మారేవి. కంప్యూటరుంటే ఆ పని ఇట్టే అయిపోతుందని బెంగళూరులో ఎవరో నాయన చెవిన వేశారు. అక్కడ ఏదో ఆఫీసులో వద్దని పారేస్తున్నదాన్ని నాయన టెంపోలో, వరిగడ్డి మీద పడుకోబెట్టి, దుప్పటి కప్పి, బాలింతను తెచ్చినట్టు తెచ్చాడు. దాన్ని దించడానికి వీధిలో సగంమంది చెయ్యి వేశారు. మిగిలిన సగంమంది ఎట్ల దించాలో చెప్పారు.

పనిచేసేవన్నీ ఒకే చోట ఉండాలన్నది నాయన శాసనం. అందుకని దాన్ని మగ్గాల గదిలో మూలన పెట్టారు. అవ్వ, అంటే నాయన వాళ్ళమ్మ, నేతలో మిగిలిపోయిన జరీ అంచు పట్టుముక్కను దానిమీద కప్పింది. మా ఊళ్ళో పెళ్ళి కాకుండానే పట్టుచీర కట్టిన మొదటి కన్య ఆ కంప్యూటరే అయి ఉంటుంది.

దాని నిదానం గురించి ఎంత చెప్పినా మీరు తక్కువే నమ్ముతారు. మీట వేసి స్నానానికి పోయి, జుట్టు ఆరబెట్టుకుని, రాగిసంగటి ముద్ద ఊరిబిండితో మింగి వచ్చినా, అది ఇంకా ఆవులిస్తూనే ఉండేది. వేడి మాత్రం దండిగా ఇచ్చేది. చలికాలంలో మా పిల్లి రోజంతా టీవీ పెట్టెలాంటి ఆ మానిటరు మీదనే పడుకుని, తోకను తెరమీదికి వేలాడేసేది. ఆ తోకను జరపడానికి నాకు ధైర్యం చాలేది కాదు. నాయన గీయించిన నెమళ్ళలో కొన్నింటికి ఈనాటికీ కుడికాలు ఉందో లేదో నాకు తెలియదు.

ఆ పెట్టెలోకి కార్ల పందెం ఎక్కించినవాడు హిందూపురం బావ, మా అత్త కొడుకు. వాడు నాకంటే ఏడాది పెద్ద, నోరు నలభై ఏళ్ళు పెద్ద. వాళ్ళ ఇంట్లో కొత్త కంప్యూటరు ఉండేది. సెలవుల్లో మా ఇంటికొచ్చి, సీడీ ఒకటి వేసి, కారు కదలడం చూసి, "ఇది కంప్యూటరా, రోలా రా?" అన్నాడు. నేను పౌరుషపడ్డాను. కానీ వాడన్నది నిజమే. మీట నొక్కినాక కారు మలుపు తిరిగేలోపు నేను వంటింట్లోకి పోయి, ఏం వండుతున్నారో చూసి, కాస్త తిని రావచ్చు. గోడకు గుద్దుకునేటప్పుడు ముందుగానే గోడకు క్షమాపణ చెప్పుకునేంత వ్యవధి ఉండేది.

అయినా నాకదే లోకం. నాయన మగ్గం గుంతలో కాళ్ళుంచి, పోగు మోసే నాడెను అటూ ఇటూ విసురుతూ నేస్తున్నంతసేపు, ఆ చప్పుడు చాటున నేను కారు తోలేవాడిని. పోగును బిగించే పలక దెబ్బ పడినప్పుడల్లా నేల అదిరేది, నేలతోపాటు బల్ల, బల్లతోపాటు నా కారు. మగ్గం ఆగిందంటే నాయన లేస్తున్నాడని లెక్క. తటాలున తెర ఆర్పేసి, పక్కనున్న రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టే ఆదర్శ బాలుడినయ్యేవాడిని.

అట్లాంటి రోజుల్లో ఒకనాడు చీరలు కొనే సావుకారు బెంగళూరు నుంచి వచ్చాడు. పెద్ద పెళ్ళి ఒకటి కుదిరిందట, ఇంటిల్లిపాదికీ చీరలు కావాలట. నాయన దర్జాగా పట్టుముసుగు తీసి, కంప్యూటరులో కొంగు డిజైను తెరవమని నాకు చెప్పాడు. తెరిచాను. అది పైనుంచి ఒక్కో గీతా దిగసాగింది. సావుకారు కాఫీ తాగాడు. ఒక గీత దిగింది. ఆయన ఇడ్లీలు తిన్నాడు. ఇంకో గీత దిగింది. తర్వాత గోడకు ఆనుకుని ఒక కునుకు తీశాడు. లేచి చూసేసరికి హంసకు ముక్కు వచ్చి ఉంది.

"ఈలోగా చీర నేసి, పెండ్లి చేసి, పుట్టిన బిడ్డకు పేరు కూడా పెట్టొచ్చు గదప్పా" అన్నాడు సావుకారు చెప్పులేసుకుంటూ. "అమావాస్య మర్నాడు మళ్ళీ వస్తా. ఆపొద్దు కూడా ఇట్లనే ఉంటే, కంచిలో ఒకాయన ఉండాడు, ఆడ సూసుకుంటా."

ఆ సాయంత్రమే నాయన తీర్పు చెప్పేశాడు. పెనుకొండలో మా చిన్నాయనకు జెరాక్సు అంగడి ఉంది. కంప్యూటరు ఆయనకు పంపించేస్తే అక్కడన్నా పడి ఉంటుందని, తను మళ్ళీ గడుల కాగితానికే పోతానని. 

"నాయనా, దానికి ర్యాము వేస్తే సరిపోతాది" అన్నాను.

"ర్యామంటే?"

"దానికి జ్ఞాపకం. ఇప్పుడుండేది చాలలేదు. ఎక్కువది వేస్తే డిజైను తెరిచిన వెంటనే కనపడతాదంట. బావ చెప్పినాడు."

"నీకు పదమూడో ఎక్కం గుర్తుండదు. దానికి జ్ఞాపకం తెస్తావా నువ్వు?"

అమ్మ నవ్వు ఆపుకోవడానికి పొయ్యి ఊదింది. కానీ అవ్వ నా పక్షానికి వచ్చింది. హిందూపురంలో కూతురిని చూసి చాలా రోజులయిందని, అమావాస్యనాడు ఎటూ మగ్గం ఆడదని, పిల్లోన్ని తీసుకుని పోయొస్తానని అంది. నాయన ఒక షరతు పెట్టాడు.

"సరే. సావుకారు వచ్చినపొద్దు అది పనిచేస్తే ఈడుంటాది. చేయకుంటే అదే టెంపోలో పెనుకొండకు పోతాది."

డిజైను ఎంత వేగంగా వస్తుందో నేను పూసగుచ్చినట్టు చెప్పాను. కారు ఎంత వేగంగా పోతుందన్న విషయం ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

అమావాస్యనాడు ప్యాసింజరు ఎక్కాం. పాత ర్యాము నా చొక్కా జేబులో ఉంది. అవ్వ నడుముకు వక్కాకు సంచి ఉంది. అందులో ఆకులు, వక్కలు, సున్నపు డబ్బీ, తలనొప్పి మందు, విబూది, ఒక గీటురాయి ఉండేవి. గీటురాయి లేకుండా అవ్వ ఊరు దాటేది కాదు. ఆమె మా ఇంటి జరీ పరీక్షాధికారి. ఏ జరీ ఉండ వచ్చినా ఒక పోగు తీసి ఆ నల్లరాయి మీద గీసి, గీత తెల్లగా ఉంటే వెండి, ఎర్రగా ఉంటే రాగి అని తేల్చేది. జరీ అమ్మేవాళ్ళు ఆమెను చూస్తే, హెడ్‌మాస్టరును చూసిన పిల్లల్లా చేతులు వెనక్కి పెట్టుకునేవాళ్ళు.

పెనుకొండ స్టేషన్లో కొండ కంటే ముందు మా చిన్నాయన కనిపించాడు. ఉడకేసిన చెనక్కాయల పొట్లం ఒక చేతిలో, కొలిచే టేపు ఇంకో చేతిలో.

"అమ్మా, ఆ కంప్యూటరు ఎంత ఎడల్పుంటాది? బల్ల చేపిస్తాండా."

"అప్పుడే బల్లెందుకురా?" అంది అవ్వ.

"ఎట్లున్నా నాకే గదా వచ్చేది. ఏమప్పా, నువ్వు చెప్పు, మూరన్నర ఉంటాదా?" అని నన్ను అడిగాడు.

"తలుపులో పట్టదు చిన్నాయనా" అన్నాను. చెనక్కాయలు మాత్రం తీసుకున్నాను. వెచ్చగా, ఉప్పగా, మట్టి వాసనతో ఉన్నాయి. శత్రువు ఇచ్చినవైనా హిందూపురం దాకా నములుతూనే ఉన్నాను.

హిందూపురంలో దిగగానే చింతపండు మండీల పులుపు గాలి నోట్లో నీళ్ళూరించింది. అత్త అనపగింజల పులుసు పెట్టి మమ్మల్ని కదలనీయలేదు. తిన్నాక బావ నన్ను వాళ్ళ కంప్యూటరు ముందు కూర్చోబెట్టి కారు తోలి చూపించాడు. అది కారు కాదు, తూటా. చెట్లు కనపడేలోపు వెనక్కి పోతున్నాయి. నా జన్మలో అంత వేగంగా పోయింది అప్పటికి ఒక్కటే, చెరుకుతోటలో నన్ను తరిమిన కుక్క.

బావ మమ్మల్ని బజారులో కంప్యూటర్లు బాగుచేసే అంగడికి తీసుకుపోయాడు. అంగడతను నా పాత ర్యాము తీసుకుని, దానికి నాలుగింతల జ్ఞాపకం ఉన్నది ఇంకోటి ఇచ్చాడు. "అంచులు పట్టుకోండప్పా. కింద బంగారు పండ్లున్నాయి సూడు, వాటిని ముట్టొద్దండి" అన్నాడు.

అవ్వ అంతవరకు వీధిలోకి చూస్తోంది. 'బంగారు' అన్న మాటకు తల తిప్పింది.

"బంగారమా?"

"బంగారు పూతవ్వా" అన్నాడు అంగడతను.

అవ్వ చెయ్యి చాపింది. ఆ ముక్కను ప్లాస్టిక్ కవరుతో సహా తీసుకుని వక్కాకు సంచిలో వేసుకుంది. అమావాస్యనాడు కొత్త వస్తువు ఇంట్లోకి తేకూడదని రాత్రి ధర్మవరం చేరాక సంచిని మా వీధి అరుగు మీదనే కొక్కేనికి తగిలించింది. మా కంప్యూటరు జ్ఞాపకశక్తి ఆ రాత్రంతా తమలపాకుల మధ్య బయట పడుకుంది.

తెల్లవారింది. సావుకారు పొద్దున బండికే దిగుతాడు. నాయన ఎప్పుడో లేచి, గది ఊడ్చి, సాంబ్రాణి పొగ కూడా వేశాడు. నేను కంప్యూటరు రేకు ఊడదీశాను. లోపల ఎన్నేళ్ళనాటిదో దుమ్ము, దానితోపాటు పట్టు నలుసులు, పిల్లి వెంట్రుకలు, ఒక బల్లి గుడ్డు పెంకు. దులిపి, "అవ్వా, ర్యాము తే" అని తిరిగి చూశాను.

అవ్వ అరుగు మీద కూర్చుని ఉంది. ఒళ్ళో గీటురాయి ఉంది. చేతిలో నా ర్యాము ఉంది. బంగారు పండ్లను వరసగా రాయి మీద రుద్ది, గీతలను వెలుతురుకు ఎత్తి పట్టి చూస్తోంది. నేను అరుగు మీదికి ఉరికాను.

"ముట్టొద్దన్నాడు గదవ్వా."

"గీయకుండా తీసుకునేదానికి నేనేమన్నా నిన్న పుట్టినానా? సూడు." రాయి నాయన ముఖం ముందు పెట్టింది. "పూత. ఉత్త పూత. రాగి కలిసిన ఆఫ్ ఫైన్ జరీ కూడా ఇంతకంటే మేలు. ఆ అంగడోనితో పోట్లాడుదువు, పద."

నాయనకు అర్థం కాలేదు గానీ, జరీ విషయంలో వాళ్ళమ్మ మాటకు ఎదురు చెప్పడం ఆయన వంశంలో లేదు. "పూతతో పనిచేస్తాదా?" అని నన్ను అడిగాడు. నేను ముక్కను లాక్కుని, లోపల పెట్టి నొక్కాను. టక్‌మంది. మీట వేశాను.

తెర నల్లగానే ఉంది. పెట్టె లోపల్నుంచి మాత్రం 'కూ... కూ...' అని ఒక ఏడుపు మొదలయింది. ఈనబోయే మేక కూడా అంత దీనంగా అరవదు. పిల్లి మానిటరు మీదినుంచి దూకి వీధిలోకి పరుగెత్తింది. సరిగ్గా అప్పుడే, పిల్లి బయటికి పోయిన గుమ్మంలోనుంచే సావుకారు లోపలికి వచ్చాడు.

"ఏమప్పా, ఈపొద్దు ఏడస్తాంది?"

"ఆకలైతాంది దానికి. మీరు ముందు తినండి" అని నాయన ఆయన్ను నడవలోకి తీసుకుపోయాడు. అమ్మ ఉగ్గాని, మిరపకాయ బజ్జీల పళ్ళెం పెట్టింది. ఎంతసేపు ఆపగలదో అంతసేపు ఆపమని నాయన కనుసైగ చేశాడు.

నావైపు వచ్చి మెల్లగా అన్నాడు. "పాతది పెట్టు."

"పాతది వాళ్ళకే ఇచ్చేస్తిమి గదా నాయనా."

నాయన వీధి వైపు చూశాడు. ఆ చూపులో నాకు టెంపో హారను వినిపించింది.

అవ్వ కూడా కంగారుపడింది. కానీ ఆమె కంగారు ఊరికే ఉండే రకం కాదు. "నల్లబడిన జరీని కుంకుడు రసంలో ముంచితే తేటపడుతాది. ఇటియ్యి, కడిగి ఇస్తా" అని లోపలికి పోయి గిన్నె తెస్తోంది. నేను ర్యాము ఊడబెరికి, చొక్కాలో దాచుకుని, వీధి చివర ఎస్టీడీ బూతుకు పరుగెత్తాను. ఆ పరుగులో ఇద్దరు పెద్దమనుషులను, ఒక పాలక్యానును దాటాను. నా కారు ఎప్పుడూ అంత వేగంగా పోలేదు.

ఫోను ఎత్తింది బావే. ఆయాసపడుతూ అంతా చెప్పాను. అటువైపు నవ్వు. ఆ నవ్వుకు బూతు మీటరు రెండుసార్లు తిరిగింది.

"రాయి మీద రుద్దిందా? అవ్వనా?"

"నవ్వేది తర్వాత. ఏం చేయాలో చెప్పు బావా."

"ముందు 'మా ఇంట్లోది రోలు, మీ ఇంట్లోది కంప్యూటరు' అను."

బూతులో పదిమంది ఉన్నారు. కళ్ళు మూసుకుని అన్నాను.

"గట్టిగా. ఈడ ఇనపళ్ళేదు."

గట్టిగా అన్నాను. బూతామె కుర్చీలోనుంచి లేచి నన్ను చూసింది.

"అట్ల రా. ఏం కాలేదులే. అవ్వ చేతి ఏళ్ళకు సున్నముంటాది, ఆ రాతిపొడి ఇంకోటి. పెన్సిలు తుడిచే రబ్బరుతో ఆ పండ్లను మెల్లగా రుద్దు. నీళ్ళు తగలనీయొద్దు. మళ్ళీ గట్టిగా నొక్కి పెట్టు."

ఇంటికొచ్చేసరికి సావుకారు రెండో పళ్ళెంలో ఉన్నాడు. ముఖంలో చెమట. బజ్జీలు బాగా పనిచేస్తున్నాయి. మా అక్క జామెట్రీ పెట్టెలో వాసన రబ్బరు ఒకటి ఉండేది. గులాబీ రంగుది, దానిమీద ఎలుగుబంటి బొమ్మ. దాన్ని అక్క తను కూడా వాడేది కాదు, వాసన చూసి దాచుకునేది. దాన్ని తీసి రుద్దాను. ఎలుగుబంటి తల అరిగింది. రబ్బరు పొడిలో తెల్లటి సున్నం, నల్లటి పొడి రాలి, కింద పండ్లు తళతళమన్నాయి. గదినిండా కృత్రిమ స్ట్రాబెర్రీ కంపు. అవ్వ కుంకుడు రసం గిన్నె పట్టుకుని నా నెత్తిన నిలబడే ఉంది.

"నీళ్ళు లేకుండా ఎట్ల కడుగుతావురా?"

"నువ్వు దేవునికి మొక్కుకో అవ్వా."

పెట్టాను. రెండు బొటనవేళ్ళతో నొక్కాను. టక్. మీట వేశాను. ఏడుపు లేదు. నల్లటి తెరమీద తెల్లటి అంకెలు పుట్టి పరుగెత్తాయి. అదివరకు అవి నాలుగడుగులు వేసి కూలబడేవి. ఇప్పుడు ఆగకుండా పోతున్నాయి. నాయన దగ్గరికి వంగాడు.

"ఏంది అది లెక్కపెడతాండేది?"

"దాని జ్ఞాపకం ఎంతుందో అదే చూసుకుంటాంది."

"అంతుందా?" అన్నాడు నాయన. ఆ గొంతులో మర్యాద మొదటిసారి విన్నాను.

సావుకారు చేతులు కడుక్కుని వచ్చాడు, ఈసారి గోడ దగ్గర చోటు ముందే చూసుకున్నాడు, కునుకుకి. కానీ కూర్చునేలోపే కొంగు మొత్తం తెరమీద నిలబడింది. హంసలు, లతలు, అంచున రుద్రాక్షలు. ఆయన కూర్చోలేదు. "చిలకలుంటే ఎట్లుంటాదో" అన్నాడు. హంసలు పోయి చిలకలు వచ్చాయి. "ఎరుపుకు బదులు వంగపండు రంగు?" వచ్చింది. ఆయనకు ఉత్సాహం పట్టుకుంది. ఏనుగులు అడిగాడు, మామిడి పిందెలు అడిగాడు, చివరికి తన సొంత ఇంటి గేటు మీద ఉండే సింహం బొమ్మ వేస్తావా అని అడిగాడు. పెళ్ళి చీరలన్నీ మా మగ్గానికే అని చెప్పి, ఇంకో బజ్జీ తిని పోయాడు.

నాయన నన్ను మెచ్చుకోలేదు. అది మా ఇంట్లో అలవాటు లేని పని. అమ్మ వైపు తిరిగి, "పెనుకొండోనికి ఫోను చేసి, ఆ బల్ల మీద ఇస్త్రీపెట్టె పెట్టుకోమని చెప్పు. ఇది యాడికీ రాదు" అన్నాడు.

ఆ సాయంత్రం నాయన మగ్గం దిగి నా వెనక వచ్చి నిలబడ్డాడు. నేను తెర ఆర్పేశాను.

"ఆర్పొద్దులే. మగ్గం ఆగితే నువ్వు తెర ఆర్పుతావు, లోపల ఫ్యాను తిరిగేది నాకు ఇనపడదా? పట్టు పోగు తెగితే ఇనపడే చెవులురా ఇవి. ఆ కారు సూపియ్."

సూపించాను. కారు లేడిలా దూకింది. నాయన నన్ను పక్కకు జరిపి తను కూర్చున్నాడు. ఏ మీట దేనికో చెప్పాను. ఆయన వేళ్ళు మీటల మీద ఉన్నాయి గానీ, బల్ల కింద రెండు కాళ్ళూ మగ్గం చెక్కలు తొక్కుతున్నట్టు ఒకటి తర్వాత ఒకటి ఆడుతూనే ఉన్నాయి. కుడికి తిరగాలంటే కుడికాలు. ఎడమకు ఎడమకాలు. అవ్వ, అమ్మ, అక్క వచ్చి వెనక నిలబడ్డారు. పిల్లి కూడా తిరిగొచ్చింది. కారు గోడలకు తగిలి, చెట్లకు తగిలి, ఎట్లనో గమ్యం గీత దాటింది.

"అయిపోయింది నాయనా. గెలిచినావు" అన్నాను. ఆయనకంటే ముందే అందరూ గెలిచి వెళ్ళిపోయారన్నది వేరే సంగతి.

"యాడ అయిపోయింది? పోయినోడు తిరిగి రావాల గదా."

"తిరిగి రాకూడదు. ఇది ముందుకే పోయే ఆట."

"నాడె ఒక పక్కకే పోతే గుడ్డ ఎట్లయితాదిరా?" అని నాయన కారును వెనక్కి తిప్పాడు.

మొదలుపెట్టిన చోటికి ఎదురు తోలడం మొదలుపెట్టాడు. గెలిచినా ఆగకుండా ఇంకో చుట్టు తిరుగుతున్న మిగతా కార్లన్నీ ఎదురుగా వస్తున్నాయి. ఒకటి గాలిలోకి లేచింది. ఒకటి బోర్లాపడింది. "ఎదురొచ్చేటోళ్ళకు కండ్లు లేవా" అంది అవ్వ. నాయన దేన్నీ లెక్కచేయలేదు. పోయిన కారును మడత పడకుండా మొదటి గీతకు తెచ్చి, మళ్ళీ తిప్పి, అట్ల పోయి, ఇట్ల వచ్చి, ఆ రోడ్డు మీద ఒక బారెడు గుడ్డ నేసేశాడు. తెరనిండా పెద్ద పెద్ద ఎర్ర ఇంగ్లీషు అక్షరాలు వెలిగి ఆరుతున్నాయి. తప్పు దారిలో పోతున్నావని వాటి అర్థం.

"ఏమంటాందిరా అది?" అన్నాడు నాయన, కళ్ళు తిప్పకుండా.

"బాగా తోల్తాండావని చెప్తాంది నాయనా."

ఇప్పుడు ఆ గది లేదు. మగ్గం గుంతలను మట్టితో పూడ్చి బండలు పరిచాం. ఆ కంప్యూటరు కూడా ఏనాడో పాత ఇనప సామాన్ల బండి ఎక్కింది. కానీ అది ఉన్నంతకాలం నాయన చేతిపని ముగిసిన ప్రతి సాయంత్రం కాసేపు దాని ముందు కూర్చునేవాడు. గమ్యం దాకా పోయి, వెనక్కి తిప్పేవాడు. ఎర్ర అక్షరాలు వెలగగానే, పక్కన ఎవరున్నా లేకపోయినా, ఒక చేత్తో మీసం సవరించుకుని, ఇంకాస్త వేగం పెంచేవాడు.